నరసమ్మ పిన్ని కొలతకి కట్టిన మండపం

2017 చలికాలంలో రాయపూర్ మోవా కాలనీలో ఒక ఇంటి వాకిట్లో బాలి మండపం కట్టించాను. నేను సివిల్ ఇంజనీరుని. అప్పటికి రైస్ మిల్లులు కట్టాను, స్టీలు గోడౌన్లు కట్టాను, మూడంతస్తుల ఇళ్ళు కట్టాను. కొత్త సైటుకి వెళ్ళినప్పుడల్లా "ఇంజనీర్ సాబ్ కబ్ ఆయేంగే, మేడమ్?" అని, ఇంజనీరు గారెప్పుడొస్తారో నన్నే అడిగేవాళ్ళు. "ఆ గయే," వచ్చేశారు, అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఆ భారీ పనులన్నీ ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేవు. పట్టుమని పదిమంది కూర్చుంటే నిండిపోయే ఈ చెక్క మండపం మాత్రం మేకు మేకూ గుర్తుంది.

ఇల్లు సింహాచలం బాబాయ్ వాళ్ళది. మా నాన్నతో కలిసి రైలింజన్లు నడిపినవాడు. ఊరు విజయనగరం దగ్గర, ఉద్యోగమంతా ఇటు బిలాస్‌పూర్, రాయపూర్ వైపే. ఆరడుగుల పైన ఇంకో వేలు ఉంటాడు. గొంతు కూడా ఇంజను హారన్‌కి ఏమీ తీసిపోదు. రిటైరయ్యాక స్నేహితులతో, పిన్నితో గ్రూపు టూరులో బాలి వెళ్ళొచ్చాడు. అక్కడ ప్రతి ఇంట్లో గోడల్లేని చెక్క మండపం చూసి మనసు పారేసుకున్నాడు. దాన్ని వాళ్ళు 'బలే' అంటారట.

"అలాంటిదొకటి మన వాకిట్లో పడాలి అమ్మాయ్! సాయంత్రం అయ్యేసరికి మా గ్యాంగంతా దిగిపోద్ది. పేకాట, పకోడీ, బస్!" అన్నాడు.

పకోడీ ఎవరు వెయ్యాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నరసమ్మ పిన్ని టీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ బాబాయ్ పక్కన నిలబడితే ఆయన చొక్కా జేబు దగ్గరికి వస్తుంది.

అదృష్టం ఏమిటంటే, అప్పుడు నేను ఊరి బయట, మందిర్ హసౌద్ అవతల ఒక రిసార్టు పని చూస్తున్నాను. వాళ్ళు బాలి నుంచి ఒక పెద్ద మేస్త్రీని తెప్పించారు. అక్కడ అలాంటివాళ్ళని 'ఉండగి' అంటారు. మన వడ్రంగి, స్థపతి, పురోహితుడు ముగ్గురూ ఒక్క మనిషిలో ఉన్నారనుకోండి. పేరు వయాన్. ఆ దేశంలో తొలిచూలు పిల్లలకి ఎక్కువగా అదే పేరట. ఆదివారాలు సెలవు కాబట్టి, వచ్చి చూస్తానన్నాడు.

నేను మహా గొప్పగా కంప్యూటర్ మీద గీసిన డ్రాయింగు చేతికిచ్చాను. ప్లింత్, అంటే నేల నుంచి గచ్చు దాకా ఎత్తు, ఇంత. స్తంభాలు ఏడడుగులు. ఆయన శ్రద్ధగా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చాలా బాగుంది మేడమ్. ఎవరి ఒంటికి?" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. వాళ్ళ పద్ధతిలో ఇల్లంటే మనిషి శరీరం. కప్పు తల, స్తంభాలు ఒళ్ళు, కింద అరుగు కాళ్ళు. లోకం కూడా అంతే, పైన దేవతలు, నడుమ మనుషులు, కింద భూతాలు. అందుకని టేపుతో కొలవరు. ఆ ఇంటి యజమాని బార, మూర, పిడికిలి, పాదం తీసి, ఆ కొలతల్ని వెదురు బద్ద మీద గాట్లు పెట్టి, ఆ బద్దతోనే ఇల్లంతా కడతారు. ఎవరి కొలతా కానిది ఇల్లు కాదు, అద్దె చొక్కా అన్నాడు.

బాబాయ్‌కి ఈ మాట తెగ నచ్చేసింది. "ఇంకేటి మరి! తియ్యి వయాన్ భాయ్!" అని రెండు చేతులూ బార్లా చాపేశాడు.

వయాన్ బద్ద పట్టుకుని, "ఈ నేల మీదేనా?" అని మర్యాదకి అడిగాడు.

బాబాయ్‌ది అబద్ధం చెప్పే నోరు కాదు. "నేలంటే... కాగితం మీద దానిది. ఆడోళ్ళ పేరన రిజిస్ట్రీ అయితే కలిసొస్తాదని అప్పుడెవరో చెప్పారు. మేమిద్దరం ఒకటే కదా!" అన్నాడు. నేను ఇంగ్లీషు చేశాను. చెయ్యకుండా ఉండాల్సిందని బాబాయ్ ఇప్పటికీ అంటాడు.

వయాన్ బద్ద దించేశాడు. "మా ఊళ్ళో మామూలుగా ఇంటాయన కొలతే తీస్తాం. కానీ ఆమె నేలలో మీ శరీరాన్ని ఎలా నాటను? ఆమెని పిలవండి."

"అరే, కాగితం మాట అది!" అని బాబాయ్ పెద్దగా నవ్వాడు. సరే, ఏదో తంతు కదా, కానీయమన్నాడు.

పిన్ని తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. చేతులు చాపమంటే సిగ్గుపడిపోయి, "ఏటమ్మా ఇది, ఈ వయసులో నాతోటి గెంతులేయిస్తారా?" అంది. చాపింది. ఈ చివరి వేలి నుంచి ఆ చివరి వేలి దాకా వయాన్ భక్తిగా కొలిచాడు. మోచేయి, పిడికిలి, మోకాలు, పాదం. ఒక్కో కొలతకి నమస్కారం పెట్టి ఒక్కో గాటు. తర్వాత, కొండ ఎటు, సముద్రం ఎటు అని అడిగాడు. బాలిలో ఇంటి తల కొండవైపు, కాళ్ళు సముద్రంవైపు ఉండాలి. బల్లపరుపు రాయపూర్‌లో కొండెక్కడ? నేను ఉత్తరాన హిమాలయాలు అని తప్పించుకున్నాను. సముద్రానికి మాత్రం పిన్ని వెనకాముందూ చూడకుండా చెయ్యి చూపించింది. "మా విజయనగరం లైను పట్టుకుని పోతే చివర్న సముద్రమే కదా!"

చిక్కు మరుసటి ఆదివారం వచ్చింది. స్తంభాలు కొయ్యకముందు చూసుకోడానికి వయాన్ నాలుగు వెదుళ్ళు పాతి, చూరు ఎంత ఎత్తులో వస్తుందో తాడు కట్టాడు. బాబాయ్ దర్జాగా లోపలికి నడిచాడు. తాడు సరిగ్గా ఆయన ముక్కుకి తగిలింది.

నన్ను గేటు అవతలికి లాక్కుపోయాడు. "ఓ అడుగు పెంచీ అమ్మాయ్. వెదురు బద్దే కదా, పొడుగ్గా ఇంకోటి కోసుకుంటే ఎవుడికి తెలుస్తాది? మా వోళ్ళొచ్చి నా ఇంట్లోకి నేనే దొంగలాగ వొంగుని వెళ్ళడం సూస్తే పరువేం ఉంటాది?"

నిజం చెప్పొద్దూ, ఇంజనీరుగా నాకూ ఆ ఎత్తు కంట్లో నలుసులాగే ఉంది. బద్ద మార్చడం కుదరదని చెప్పి, వయాన్ దగ్గరికి వెళ్ళి ఉన్నమాటే అడిగాను. గాలి ఆడదు, ఎండకి కప్పు వేడెక్కుతుంది, ఏడడుగులు ఉంటే మేలు. ఆయన అన్నీ విన్నాడు. "పెంచవచ్చు మేడమ్. కానీ అప్పుడు అది ఆమెది కాదు. ఆమెనే అడగండి," అన్నాడు.

అడగనక్కర్లేకపోయింది. పిన్ని వెనకే ఉంది, అంతా వింది.

"పెంచొద్దు," అంది.

బాబాయ్ తెల్లబోయాడు. "ఏటే?"

"పెంచొద్దన్నాను. పెళ్ళయిన కాడి నుంచీ రైల్వే క్వార్టర్లే. ఏ ఊరెళ్ళినా ఎవరో కొలిచి ఎవరికో కట్టినవే. గట్టు అందదు, గూడు అందదు, గడియ అందదు. ఈ ఇల్లూ నీ లెక్కకే కట్టించావు, నేనేమైనా అన్నానా? నా ఒంటికి కొలతలు తీసినోడు ఇన్నాళ్ళకీ జాకెట్లు కుట్టే దర్జీ ఒక్కడే. ఇప్పుడీ బాబు దేశం కాని దేశం నుంచొచ్చి తీశాడు. కడితే నా కొలతకే కట్టండి. లేదంటే ఆ జాగా ఖాళీగా పడుండనీ."

ఆ మనిషి అంత పొడుగు మాట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బాబాయ్ కూడా వినలేదనుకుంటాను. "అయితే మానీండి!" అని స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా స్తంభాల కోసం తెప్పించిన పనస దుంగలు వాకిట్లో అలాగే పడున్నాయి. వయాన్ తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది. ఆయన వెళ్ళిపోతే ఆ మండపం కట్టగలిగేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. "ఆయన మాటాడట్లేదు, నేనూ బతిమాలట్లేదు," అంది పిన్ని. గొంతు కులాసాగానే ఉంది.

ఆదివారం వయాన్ సామాన్లు సర్దుకుపోదామని వచ్చాడు. బద్ద చేతిలోకి తీసుకుని, "ఒకవేళ కడితే, ఇంకో కొలత మిగిలిపోయింది," అన్నాడు. శరీరం కొలత ఎంతో అంతకే కట్టి ఆపకూడదట. చివర్లో చిన్న అదనపు కొలత ఒకటి కలపాలి. దాని పేరు 'ఉరిప్', అంటే ప్రాణం. అది కలపకపోతే కట్టడం ఉత్త కర్ర. కొలతకి కొలత సరిపోవాల్సింది చచ్చినవాళ్ళకే అన్నాడు.

నేను తెలుగు చెయ్యడం పూర్తవకుండానే పిన్ని మొహం విప్పారింది. "కొసరు! కొసరంటాడేటి అమ్మాయ్! మనం నూటపదహార్లు చదివించమూ, కూరగాయలోడు గుప్పెడు మిరపకాయలు పైన వెయ్యడూ!" అంది. అరుగు మీద పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న బాబాయ్ వైపు చూసింది. "బాబూ, కొలత నాదే ఉండాలి. ఆ కొసరు మాత్రం ఆయన చేత్తో తియ్యి. ప్రాణం ఆయన పొయ్యనీ."

పేపరు కిందికి దిగింది.

వయాన్ బద్దని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా ఊళ్ళో ఇలా ఎవరూ చెయ్యలేదు. చెయ్యొద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ ఇంటివాళ్ళే కదా," అని నవ్వేశాడు.

బాబాయ్ లేచొచ్చాడు. పిడికిలి బిగించి బొటనవేలు పైకి నిలబెట్టమన్నాడు వయాన్. వాళ్ళ కొలతల్లో అదొకటి. "అసలు కంటే కొసరే ముద్దు, విన్నావా?" అని బాబాయ్ బడాయి పోతున్నాడు కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ చేత్తోనే తుడుచుకోబోతే, "కదపకు, కొలత తప్పుద్ది!" అని పిన్ని కసిరింది.

ఇక పని పరుగెత్తింది. ప్రతి దుంగనీ వయాన్ నడిమికి తాడు కట్టి వేలాడదీసి, ఏ కొస బరువుగా వంగితే అదే వేరు వైపని తేల్చేవాడు. చెట్టు ఎలా పెరిగిందో స్తంభం అలాగే నిలబడాలి, వేరు కిందకి, కొమ్మ పైకి. తలకిందులుగా నిలబెడితే ఆ ఇంట్లోవాళ్ళకి మనశ్శాంతి ఉండదట. బాబాయ్ తాడు పట్టుకుని "ఆనే దో, ఆనే దో, రుకో!" అని, రానీ రానీ ఆపు అంటూ ఇంజను షంటింగ్ చేయించినట్టు అరిచేవాడు. వీధంతా వచ్చి చూసేది.

ప్రవేశం రోజున వయాన్ తెల్లబట్టలు కట్టుకుని పూలు, బియ్యం, నీళ్ళు చల్లాడు. కొట్టిన చెట్టుకీ తవ్విన మట్టికీ తిరిగి ప్రాణం ఇమ్మని అడిగే పూజ అది. పిన్ని స్తంభాలకి పసుపు రాసి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఇద్దరి దేవుళ్ళూ ఏమీ అభ్యంతరం చెప్పలేదు.

పేకాట గ్యాంగు దిగింది. అందరూ పాత డ్రైవర్లే, అందరూ ఏపుగా పెరిగినవాళ్ళే. మెట్ల దగ్గర బాబాయ్ నిలబడి, ముందు తనే వంగి చూపించి, కాలనీ అంతా వినపడేలా అరిచాడు.

"వొంగండ్రా! అందరూ వొంగండి! ఇది మా నరసమ్మ గారి మండపం!"

వంగారు. ఒకాయన వంగడం మరిచిపోయి నుదురు కొట్టుకుంటే, చప్పట్లు కొట్టి మరీ నవ్వారు. ఆ పూట పకోడీ హోటల్ నుంచి వచ్చింది, బాబాయే తెచ్చాడు.

మగాళ్ళంతా భోజనాలకి లోపలికి వెళ్ళాక పిన్నీ నేనూ మండపంలో వేసిన చెక్క బల్ల అంచున కూర్చున్నాం. ఆవిడ మోకాలి కొలత మీద దాని ఎత్తు పెట్టాం. మాట మధ్యలో పిన్ని ఆగిపోయి కిందికి చూసుకుంది.

"అమ్మాయ్, సూడు. నా కాళ్ళు నేలకి ఆనాయి."

ఆనించిన పాదాలు ఎత్తి, మళ్ళీ ఆనించింది. "కుర్చీ అయినా, రైలు బెర్తయినా, ఆసుపత్రి బెంచీ అయినా, ఎక్కడ కూకున్నా గాల్లో ఏలాడడమే. అందరికీ ఇలగే ఉంటాదా కూకుంటే? ఎంత సుఖం తల్లీ!" అని చిన్నపిల్లలా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను.

కాలేజీలో నాకు సగటు మనిషి కొలతలు నేర్పారు. ఆ సగటు మనిషి ఇంతవరకూ ఏ ఇంట్లోనూ నాకు ఎదురు పడలేదు. ఇప్పుడు వంటగది గట్టు ఎత్తు రాసేముందు ఆ ఇంటావిడని పిలిచి గోడ పక్కన నిలబెడతాను. మోచేయి వంచమని, దాని కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. చాలామంది వెనక్కి తిరిగి, అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమో అని చూస్తారు.

"నాకా?" అని అడుగుతారు.

"మీకే," అంటాను.