క్రేన్ నిచ్చెన మీద ఏడ్చిన రోజు

ఐటీఐ అయ్యాక పోర్టు దగ్గర ఒక యార్డులో క్రేన్ ఆపరేటర్ అప్రెంటిస్‌గా చేరాను. మూడో రోజు నిచ్చెన సగం ఎక్కి కిందికి చూశాను. చేతులు కమ్మీని వదలడం లేదు. తోటివాళ్లంతా చూస్తుండగా ఏడ్చేశాను.

మాకు పని నేర్పే అప్పలరాజు గారు నా వెనకే ఎక్కి వచ్చారు.

“కిందకి సూడకమ్మా. నాను నీ ఎనకాలే ఉన్నాను, ఒక్కో మెట్టూ దిగు,” అన్నారు.

దిగాక, “నావల్ల కాదండి, మానేత్తాను. మా నాన్నకేటి సెప్పాలో తెలీట్లేదు,” అన్నాను.

ఆయనే నాన్నకు ఫోన్ చేశారు. “పిల్లకి పని రాక కాదు బాబూ, ఎత్తు పడనేదు. ఏరే పనిలో ఎట్టండి, బాగా సేత్తాది.”

ఇప్పుడు గాజువాకలో లేత్ మెషిన్ మీద పనిచేస్తున్నాను. ఆయన అలా చెప్పకపోతే, చేతకానిదాన్నని నాన్న కంటే ముందు నేనే నమ్మేసేదాన్ని.