వెనక సీటులో పెద్దమనిషి

ముప్పై ఏళ్లు యజమాని కారు నడిపిన మా తాత మొండిఘటం. యజమాని పోయాక చవగ్గా దక్కిన ఆ పడవంత కారునే రేసు ట్రాక్‌లో కొత్తవాళ్లకిచ్చే శిక్షణకు నేర్చుకోడానికి తీసుకెళ్లాడు.

పక్కన కూర్చున్న శిక్షకుడు మొదటి చుట్టులోనే విసుక్కున్నాడు. "బ్రేకు గట్టిగా తొక్కండి పెద్దాయనా. వెనక గుడ్లబుట్ట పెట్టుకున్నారా?"

"నీ వయసంత సర్వీసు నాది. నోరు మూసుకుని కూర్చో."

"ఇంకొక్క చుట్టు చూస్తా. ఇలాగే నడిపితే ఇంటికే."

ఇంటికి పోవడం తాతకు ఇష్టం లేదు, కానీ పాదం మాట వినడం లేదు. ఆ రోజుల్లో చిన్న కుదుపు తగిలినా వెనక నుంచి యజమాని "గాడిదా" అనేవాడు. అలవాటు కొద్దీ తాత అద్దంలోకి చూశాడు. ఖాళీ సీటులో యజమానిని ఊహించుకుని, మలుపు రాగానే బ్రేకు కసితీరా తొక్కాడు. శిక్షకుడు హెల్మెట్‌తో సహా బెల్టుకు వేలాడాడు.

"ఎలా ఉంది?" అన్నాడు తాత.

"ఇప్పుడు బాగుంది."

"నిన్ను కాదు," అన్నాడు తాత, అద్దంలోంచి చూపు తిప్పకుండా.