ఓలికి అడిగిన ఆవులు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, కాఫీ పళ్ళు ఎర్రబడే కాలంలో, నేను చింతపల్లి సంతవీధిలో ఒక ఫోటో స్టూడియోలో మిక్సింగ్ ఆపరేటరుగా ఉన్నాను. స్టూడియో కొండ కింద మైదానం నుంచి వచ్చిన షావుకారుది. ఫోటో తీసేవాడు ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళలో అతనికి ముందు బంతిలో భోజనం పెడతారు. ఆ ఫోటోలో మనుషుల్ని కత్తిరించి, వెనక వేరే చోటు పెట్టేవాడు మిక్సింగ్ ఆపరేటరు. వాడు ఎవరికీ కనిపించడు కాబట్టి వాడికి ఎవరూ భోజనం పెట్టరు.

నాకు అక్షరాలు వచ్చింది పిల్లలు పుట్టాక, వయోజనుల బడిలో. అదీ తెలుగు వరకే. కంప్యూటరులో ఇంగ్లీషు మెనూ నేను చదవలేను. ఏ పని ఎన్నో వరసలో ఉందో కంటికి తెలుసు. కొత్త వెర్షన్ వేసి వరసలు మార్చినప్పుడల్లా దాన్ని చేసినవాళ్ళని తిట్టుకుంటూ మళ్ళీ నేర్చుకునేవాణ్ణి.

పని ఇలా ఉంటుంది. కుటుంబాన్ని పచ్చగుడ్డ ముందు నిలబెట్టి తీస్తారు. నేను పెన్ టూల్‌తో ఒంటి అంచుల వెంబడి చుక్కలు పెట్టుకుంటూ పోయి మనుషుల్ని గుడ్డ నుంచి విడదీస్తాను. జుట్టు దగ్గర తొందరపడితే బోడిగుండ్లు వస్తాయి. తర్వాత వెనక బొమ్మని కింద పొరగా పరిచి, కాళ్ళ దగ్గర నీడ దిద్దాలి. నీడ లేకపోతే కుటుంబమంతా గాలిలో వేలాడుతుంది. కింద నుంచి వచ్చే టూరిస్టులకి వెనక మా కొండలు కావాలి. మా కొండవాళ్ళకి మాత్రం అవి వద్దు. "రోజూ సూసీదే కదా, మళ్ళీ గోడకెందుకు?" అంటారు.

ఆ రోజుల్లో బాలన్న అనే రైతు భార్యని, కొడుకు కొండబాబుని వెంటబెట్టుకుని వచ్చాడు. కొండబాబుకి పక్క లోయలో గంగన్న కూతురు పార్వతిని అడుగుతున్నారు. కాఫీ పళ్ళు కోసేచోట వాళ్ళిద్దరూ ముందే ఒప్పేసుకున్నారు, మిగిలింది పెద్దల మాట. మాలో కట్నం లేదు. మగపిల్లవాడి వాళ్ళే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇస్తారు. పశువులో, ధాన్యమో, ఇరువైపులా మాట్లాడుకున్నంత.

బాలన్న భార్య వెనక పచ్చగడ్డి ఉండాలంది. షావుకారు విశాఖపట్నంలో కొన్న డిస్కులో స్విట్జర్లాండ్ అని ఒక పచ్చిక ఉంటే వేశాను. అందులో అయిదు సీమ ఆవులు మేస్తున్నాయి, కనిపించిన పొదుగు ఒక్కోటీ కడవంత. బొమ్మతో పాటు వచ్చినవి, ఉండనిచ్చాను. కొండబాబు ఆ ఫోటోని ఫోన్లో గంగన్న ఇంటికి పంపాడు.

తర్వాతి సంతకి బాలన్న రొప్పుకుంటూ వచ్చాడు. "ఆవుల్ని తీసీ మావా, బేగి తీసీ. గంగన్న ఓలికి రెండావులు అడుగుతున్నాడు."

"ఇచ్చీ," అన్నాను.

"ఏటి ఇచ్చీది? నాకున్నది ఒకే ఒక బక్కావు. అదీ నిలబడితే సంబరం!"

ఆవుల్ని తీయడమంటే పక్క గడ్డిని ఎత్తి ఆవు మీద అద్దుకుంటూ పోవడం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అద్ది, ఖాళీ పచ్చిక చేసి ఇచ్చాను. కొండబాబు అదీ పంపాడు. దానితో వ్యవహారం చెడింది. గంగన్న దగ్గర నుంచి కబురొచ్చింది: "మొన్న అయిదు, ఇయాల ఒక్కటీ నేదు. మా గుంట పార్వతిని అడిగినోడు ఓలి మాటెత్తగానే పశువులన్నీ అమ్మీసినాడు. సంబంధం వద్దు."

పంచాయితీ పెట్టారు. కంప్యూటరుని కొండకి మోసుకుపోవడం కుదరదు, పోయినా అక్కడ కరెంటు నమ్మకం లేదు. అందుకని రెండు కుటుంబాలనీ వెంటబెట్టుకుని రెండూళ్ళ పెద్దలు జీపెక్కి స్టూడియోకే దిగారు. ఫోటోలకి కూర్చోబెట్టే బల్ల మీద, పచ్చగుడ్డ ముందు, వరసగా కూర్చున్నారు. నన్ను సాక్షిగా పిలిచారు. ఈ ఆవులు బాలన్నవి కావు, డిస్కులోవి అని చెప్పాను.

"డిస్కు ఎవులిది?" అని ఒక పెద్ద అడిగాడు.

షావుకారుది అన్నాను.

"అయితే ఓలి షావుకారే ఇయ్యాల," అన్నాడు ఆయన. షావుకారు లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

గంగన్న తెలివితక్కువవాడని అనుకోవద్దు. ఆయన లేచి చెప్పాడు: "అది మాయని నాకు తెల్దేటి? నా ఫోన్లో నా మొకానికి కుక్క సెవులు కూడా వస్తాయి. కానీ మా సుట్టాలందరూ ఆ ఫోటో సూసినారు. అయిదావుల ఇంటికెళ్తంది గుంట అన్నారు. ఇప్పుడు నాను బక్కావుని తోలుకొస్తే నా మొకమెక్కడ పెట్టుకోవాల? సూపించినోడు ఇయ్యాల."

కొండబాబు నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచున్న పార్వతి అంది: "అయ్యా, ఫోటోలో సూపించినాడు, ఫోటోలోనే తీసుకో. రెండావులు ఈళ్ళ ఫోటోలోంచి తీసి మన ఫోటోలో పెట్టించు. సుట్టాలు సూసింది ఫోటోనే కదా, పశువులసాలలోకొచ్చి పేడెత్తినారేటి?"

పెద్దలు నవ్వారు. న్యాయమే అన్నారు. గంగన్న కూడా సరేనన్నాడు. వాళ్ళ కుటుంబాన్ని అక్కడే నిలబెట్టి తీశారు. నేను అయిదావులున్న పాత ఫైలు తెరిచాను.

గంగన్న నా పక్క స్టూలు మీద కూర్చుని, సంతలో బేరానికి దిగినట్టు దిగాడు. తెర మీద బొమ్మని పెద్దది చెయ్యమన్నాడు. పొదుగు చూశాడు, గిట్టలు చూశాడు. "పళ్ళు సూపించు," అన్నాడు. మేస్తున్న ఆవు నోరు తెరవదన్నాను. చెవి చిరిగినదాన్ని వద్దన్నాడు. చివరికి నడిమధ్య ఉన్న ఎర్రమచ్చల ఆవుని, చివరనున్న తెల్లదాన్ని ఎంచుకున్నాడు.

"తెల్లదాన్ని తోలుకుపో. ఎర్రమచ్చలది ఇయ్యను," అన్నాడు బాలన్న.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆ ఆవులు తనవి కావని అంతసేపూ ఒట్లు పెట్టిన మనిషి!

"నీది కాదన్నావు కదరా," అన్నాడు పెద్ద.

"కాదు. అయినా మందకి అదే అందం. అది పోతే మిగిలినవి ఏటి బాగుంటాయి?"

"బావా, అదిస్తేనే గుంట," అన్నాడు గంగన్న.

ఒక ఆవుకి రెండు నకళ్ళు తీయొచ్చని, ఇద్దరి దగ్గరా ఉంటుందని చెప్పాను. గంగన్న ఒప్పుకోలేదు. ఇచ్చినవాడి దగ్గర తగ్గకపోతే అది ఇచ్చినట్టెలా అవుతుందన్నాడు. బాలన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. పార్వతి మొహం మాడిపోయింది. పెళ్ళి మళ్ళీ ఆగేట్టు కనిపించింది.

నేను ఎర్రమచ్చల ఆవు చుట్టూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టి ఆగిపోయాను. దాని ముందు ఇంకో ఆవు అడ్డంగా నిలబడి ఉంది. మా పనిలో, మనం వేసిన పొర కింద దాగినదాన్ని మళ్ళీ తీయొచ్చు. కెమెరాకే కనిపించనిదాన్ని తీయలేం. కత్తిరించి విడిగా పెట్టి గంగన్నకి చూపించాను. తల, మెడ, ముందు కాళ్ళు. అంతే.

"ఎనకదేదీ?" అన్నాడు.

లేదన్నాను.

"పొదుగు?"

"అదీ వెనకే కదా."

ఆయన తెర వైపు చూశాడు, బాలన్న వైపు చూశాడు. "సగమావుని నానేటి సేసుకుంటాను? బావా, నీ ఎర్రమచ్చలది నువ్వే ఉంచుకో." దాని బదులు మూలనున్న నల్లావుని చూపించాడు. బాలన్న వెంటనే ఇచ్చేశాడు. రెండూ విడదీసి, గంగన్న కుటుంబం వెనక దింపి, నీడలు వేశాను. బాలన్న ఫోటోలో ఆ రెండు చోట్లా గడ్డి అద్దాను. అసలు ఓలి మా వాడుక ప్రకారం ఎంతివ్వాలో అంత విడిగా ఇచ్చుకున్నారు. దాని మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. పెళ్ళిలో రెండు ఫోటోలూ ఎదురెదురుగా వేలాడదీశారు. చుట్టాలు వచ్చి లెక్క సరిచూసుకున్నారు. నాకు రెండో బంతిలో భోజనం పెట్టారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇది. కుటుంబం వెనక ఏది పెడితే అది చూసేవాళ్ళ కంటికి ఆ కుటుంబానిదైపోతుంది. నాలుగు రోజులు గోడ మీదుంటే ఆ కుటుంబం కూడా అలాగే అనుకుంటుంది. కాబట్టి ఇల్లు, బండి, పశువు అడక్కుండా వెయ్యొద్దు. ఎవరూ ఏదీ చెప్పకపోతే ఆకాశం వెయ్యండి. మానేసేదాకా నేను అదే వేశాను; ఓలికి దాన్ని ఎవరూ అడగలేదు.