డేనిష్ ఇంటికి ఒక కుర్చీ

ఇరవై డాలర్లకు కొన్న పాత కుర్చీని నాలుగు వందలకు అమ్మాలని, కొనేవాళ్లతో ధర మాటే ఎత్తకుండా, దాన్ని మోసుకుని రైలెక్కిన మొనగాడు కెనడాలోని ఈ కిచెనర్ ఊరు మొత్తంలో నేనొక్కణ్నే. తెనాలిలో మా నాన్నగారి స్టీలు సామాన్ల కొట్టులో పెరిగినవాణ్ని. ఇలాంటి తెలివి ఊరికే రాదు.

ఆ కుర్చీని మా వీధిలో ఒకతను ఇంటి ముందు పెట్టి అమ్మాడు. నలభై అంటే ఇరవైకి దించాను. డబ్బు జేబులో పెట్టుకున్నాక, "ఇది గ్వెల్ఫ్ అవతల ఒక డేనిష్ వడ్రంగి ఇంట్లోదట. ఆ ఇల్లిప్పుడు మ్యూజియం" అన్నాడు. బేరానికి ముందు చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదు. డబ్బిచ్చాక చెప్పాడు కనుక నిజమే అయి ఉంటుందని లెక్క వేశాను. మ్యూజియానికి ఫోన్ చేస్తే ఒక పెద్దావిడ ఎత్తి, కుర్చీ ఎలా ఉంటుందో అడిగారు. తర్వాత, "మా అమ్మ కుర్చీ పోయి చాలా ఏళ్లయింది. శనివారం తేగలవా?" అన్నారు.

మా ఆవిడ సుజాతను కారు అడిగాను. "ఆ కుర్చీ ఎక్కితే నేను దిగుతా. అందులో నల్లులుంటే సీట్లు ఎవరు క్లీన్ చేస్తారు?" అంది.

అందుకని శనివారం ఉదయం తొమ్మిది దాటాక రైలు. నాకు టికెట్ ఏడు డాలర్లు, కుర్చీకి ఉచితం. ఎదురు సీట్లో రిచ్‌మండ్ హిల్ వెళ్తున్న రిటైర్డ్ డాక్టరు గారు, తెలుగాయనే.

"ఏమండీ, రైల్లో సీట్లున్నాయి కదా, ఇంటి నుంచి తెచ్చుకున్నారేంటి?"

సంగతి చెప్పాను.

"రేటు మాట్లాడారా?"

"అక్కడికెళ్లి చూద్దామని."

"అయితే మీది బిజినెస్ ట్రిప్ కాదండీ, తీర్థయాత్ర" అని ఆయన హాయిగా నవ్వారు.

గ్వెల్ఫ్‌లో దిగి టాక్సీ మాట్లాడాను. నలభై అయిదు అన్న డ్రైవరు, కుర్చీ నా ఒళ్లోనే ఉంటుందని మాటిచ్చాక నలభైకి ఒప్పుకున్నాడు. దారంతా మొక్కజొన్న చేలే. నాకు మాత్రం కుర్చీ కాళ్ల సందుల్లోంచి కనిపించినంతే.

పదిన్నరకు చేరాను. ఎర్ర తలుపు, తెల్ల చెక్క ఇల్లు. తలుపు తీసిన ఇంగర్ గారు ఆ ఇల్లు కట్టిన వడ్రంగికి ఆఖరి కూతురు, డెబ్బై దాటినావిడ. నావైపు చూడలేదు. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత, "టికెట్ మాత్రం కొనాలి, ట్రస్టు రూలు" అన్నారు. సీనియర్ డిస్కౌంట్ అడిగాను.

"నీకు అరవై అయిదు నిండాయా?"

"కుర్చీకి నిండి ఉంటాయండీ."

నవ్వారు కానీ ఎనిమిది డాలర్లూ తీసుకున్నారు.

ఇల్లు చూపించారు. డెన్మార్క్ నుంచి పెట్టెడు పనిముట్లతో వచ్చిన నాన్న, పొలం పని అయ్యాక ఒక్కో గదీ కట్టుకుంటూ పోయాడట. మెట్ల పక్క కటకటాలూ, తలుపు పిడులూ, గోడలోకి అమర్చిన పెట్టె మంచాలూ అన్నీ ఆయన చేతివే. వంటింట్లో ఒక ఇనప పెనం చూసి నిలబడిపోయాను. అచ్చం మన గుంత పొంగనాల పెనమే. భోజనాల బల్ల చుట్టూ అయిదు కుర్చీలు, ఎవరూ ముట్టకుండా తాడు కట్టి ఉన్నాయి. ఆరో చోటు ఖాళీ. అమ్మ కుర్చీని అన్నయ్య ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోగొట్టాడట.

"ఇంట్లో ఏ కుర్చీకీ మేకు లేదు, స్క్రూ లేదు. అన్నీ చెక్క చీలలే" అని, ఆవిడ లోపలికి వెళ్లారు.

నేను తెచ్చిన కుర్చీని తిరగేశాను. మందంగా వేసిన గోధుమ రంగు కింద బొటనవేలికి గుండ్రటి గుంటలు తగిలాయి. తాళంచెవితో గీకితే ఇనుము తళుక్కుమంది. ఒకటి కాదు, ఎనిమిది స్క్రూలు.

ఇంగర్ గారు చెక్ బుక్‌తో వచ్చారు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఈ రంగు అన్నయ్య పనే అయి ఉంటుంది. ఎంత రాయమంటావు?"

ఆరు వందలు చెప్పి నాలుగు వందలకు దిగాలని రైల్లో రిహార్సల్ చేసుకున్నాను. చెక్ బుక్‌ను చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నారు, ఆవిడకు దగ్గరి చూపు అంతంత మాత్రం. నేను చెప్పకపోతే ఆ స్క్రూలు ఇంకో పదేళ్లు రంగు కిందే ఉంటాయి. రోజూ పొద్దున్నే ఆవిడ ఎవరిదో కుర్చీని అమ్మదనుకుని తుడుస్తూ ఉంటారు.

"ఇది మీ అమ్మగారిది కాదండీ" అన్నాను. ఆవిడ వేలు పట్టుకుని స్క్రూ మీద పెట్టాను.

చాలాసేపు తడిమి చూశారు. చెక్ బుక్ మూసి, "నాన్న చూస్తే దీన్ని పొయ్యిలో పెట్టేవాడు" అన్నారు. కుర్చీని నిలబెట్టి అందులో కూలబడ్డారు. కాసేపటికి అటూ ఇటూ కదిలి చూశారు. "ఈ ఇంట్లో ఏ కుర్చీలోనూ కూర్చోకూడదు, తెలుసా? పదింటి నుంచి నాలుగింటి దాకా నిలబడే ఉంటాను. ఎంతకు కొన్నావు?"

"ఇరవై."

"పదిహేనిస్తా."

"అమ్మా, ఇరవై నేను కొన్న ధర!"

"స్క్రూలున్నాయని నువ్వే కదా చూపించావు?"

పద్దెనిమిదికి తెగింది. కాఫీతోపాటు ఆ పెనం మీద పొంగనాలు వేసి, పంచదార చల్లి, జామ్‌తో పెట్టారు. తొమ్మిది తిన్నాను. నాలుగింటికి తాళం వేసి, తన పికప్‌లో గ్వెల్ఫ్ స్టేషన్లో దింపి వెళ్లారు.

చేత్తో కట్టిన ఇల్లు చూడాలనిపిస్తే వెళ్లండి. తలుపు పిడులు తాకనిస్తారు. కూర్చోవడానికి ఒక కుర్చీ ఉంది కానీ, ఆవిడ లేస్తేనే.

ఖాళీ చేతులతో రైలెక్కి లెక్క చూసుకున్నాను. రైలు రానూపోనూ పద్నాలుగు, టాక్సీ నలభై, టికెట్ ఎనిమిది, కుర్చీ మీద నష్టం రెండు. పొంగనాలకు బిల్లు వేయలేదు. అనుకున్న నాలుగు వందలు నా జేబులోకి రానేలేదు కనుక పోయినట్టు రాయడం లేదు. మొత్తం అరవై నాలుగు డాలర్లు. అందులో ఆ కుర్చీ మీది రెండూ, నేను ఇంకాస్త గట్టిగా నిలబడి ఉంటే, మిగిలేవి.