చుట్టాలు రాకూడని ఇల్లు

హైదరాబాదులో ఇల్లు వెతికిన ఆ ఎండాకాలం నేను నిజం చెప్పి మూడు ఇళ్ళు పోగొట్టుకున్నాను. మా ఆయనకు మందుల గోడౌన్‌లో ఉద్యోగం, నాకు టైలరింగ్ షాపులో జాకెట్లకు హుక్కులు కుట్టే పని. కిరాయికి పదిహేను వందలకు మించి తీయలేం. ఒక గది, ఒక వంటిల్లు ఉంటే చాలు. టులెట్ బోర్డు చూసి గేటు తడితే ఓనర్లు ముందు మర్యాదగానే మాట్లాడేవాళ్ళు. ఏ ఊరంటే భద్రాచలం పక్కన అనేదాన్ని. రాములవారి దగ్గరివాళ్ళా అని సంతోషపడి, ఆ వెంటనే చుట్టాలు వస్తారా అని అడిగేవాళ్ళు.

"వస్తరండీ. రాకుండ ఎట్లుంటరు?" అనేదాన్ని.

అంతే, బోరులో నీళ్ళు తక్కువన్న సంగతి వాళ్ళకు గుర్తొచ్చేది. మూడో గేటు బయట మా ఆయన చెప్పులేసుకుంటూ, "నీ నోటికి తాళమేస్తే తప్ప మనకు ఇల్లు దొరకదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మనుషులు రాకపోతే అదేం ఇల్లు? గొడ్ల కొట్టానికైనా పొద్దుగూకితే గొడ్లు వస్తాయి.

నేను పెరిగిన తీరు అది. మా ఊళ్ళో కాలేజీ లేక ఇంటర్ రెండేళ్ళూ భద్రాచలంలో చిన్నమ్మ దగ్గరే ఉన్నాను. బస్టాండుకు దగ్గర్లో ఒక్కటే గది, ముందు చిన్న వసారా. చిన్నాయన పోయాక ఆమె ఇడ్లీ బండి పెట్టుకొని ఒక్కతే బతికేది. అడవి లోపలి ఊళ్ళకు పోయే ఆఖరి బస్సు తప్పినవాళ్ళు ఆ వసారాలోనే పడుకునేవాళ్ళు. ఎవరు చిన్నమ్మా వీళ్ళు అంటే, "బస్సు పోయినోళ్ళు బిడ్డా, ఇంకెవరు" అనేది. ఆ వసారా తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

ఇంటి కోసం నేను అంతగా కొట్టుకోవడానికి కారణం కూడా చిన్నమ్మే. ఆమె కుడికన్ను మసకబారుతూ వచ్చింది. అక్కడి డాక్టరు హైదరాబాదు పెద్ద దవాఖానకు రాసిచ్చాడు, ఆలస్యం చేస్తే చూపు పోతుందన్నాడు. ఆపరేషన్ అయ్యాక పది రోజులు దగ్గర్లోనే ఉండాలట. మేమా, మా ఆయన స్నేహితుడి గదిలో తలదాచుకుంటున్నాం. ఎస్టీడీ బూత్ నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా చిన్నమ్మది ఒకటే మాట. "నీకు ఇల్లు దొరకనీ బిడ్డా, అప్పుడొస్త. జల్దీ ఏం లేదు."

నాలుగో ఇల్లు మేడ మీద. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు. ఓనరమ్మ భర్త పోయిన మనిషి, కింద ఒక్కతే ఉండేది. ఆమె కూడా చుట్టాల సంగతే అడిగింది. మా ఆయన నా వైపు చూశాడు. నాకు చిన్నమ్మ కన్ను గుర్తొచ్చింది.

"మాకెవరూ లేరండీ" అన్నాను.

ముందు తాళంచెవి చేతికి రానీ, తర్వాత మెల్లగా చెప్పుకుందాం అనుకున్నాను. కానీ ఆమె నన్ను నమ్మింది. పాపం అంటూ ఆ సాయంత్రమే గిన్నెలో పప్పుచారు తెచ్చిచ్చింది. నన్ను అమ్మ అనుకో అనేది. గయ్యాళి మనిషైతే మొహం మీదే చెప్పేసేదాన్ని. ఆ మంచితనం ముందు నోరు పెగల్లేదు. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూ నెల గడిపాను.

చిన్నమ్మకు మాత్రం ఆ అబద్ధం సంగతి ఫోన్‌లో నవ్వుతూ చెప్పేశాను. ఆమె కూడా నవ్వింది. "మంచిగ చెప్పినవ్ తీ. ఇల్లు దొరికింది గద."

"నువ్వు రా చిన్నమ్మా. ఆమెకు నేను చెప్పుకుంట."

"వస్త తీ" అని ఇంటి గుర్తులన్నీ అడిగింది, ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఆమె కోసం కొత్త చాప కొని గోడకు ఆనించాను. రోజూ షాపు నుంచి వస్తూ గేటు దగ్గర ఆమె కనిపిస్తుందేమోనని దూరం నుంచే చూసేదాన్ని.

వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం వచ్చేసరికి ఓనరమ్మ కూర గిన్నె పట్టుకొని మెట్ల దగ్గర నాకోసం చూస్తోంది.

"మధ్యాహ్నం మీ ఊరామె వచ్చింది. కంటికి పచ్చగుడ్డ కట్టుంది. ఆపరేషన్ అయిందంట, పది రోజులు దవాఖాన వరండాలోనే ఉన్నదంట. ఇయ్యాల బస్సుకే పోవాలె అన్నది. నువ్వొచ్చేదాక ఉండమన్న, వినలే. చుట్టమా అంటే కాదన్నది. పైకి పోయి, మీ తలుపు ముందు కొంచెంసేపు నిలబడి దిగొచ్చింది."

నేను మెట్ల పైకి, మా తలుపు వైపు చూశాను.

"పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకు ఎవ్వరూ లేరమ్మా, జర మంచిగ చూస్కో అన్నది. ఎవరమ్మా ఆమె, నీ మీద గంత ప్రేమ?"

మా చిన్నమ్మ అని చెప్పడానికే నోరు తెరిచాను. ఓనరమ్మ గిన్నె నా చేతికందించింది, ఇంకా వేడిగా ఉంది.

"మా ఊరామేనండీ" అన్నాను.