ఆల్చిప్పల పుట్టిల్లు

ఆ తీరంలో ఆల్చిప్పలు పెంచేవాళ్లంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ల నోట కూడా అదే పిలుపు. పనిలో పెద్దరికం తెచ్చిన వరస అది. మాట మాత్రం కరుకు. "నీ తాళ్లూ నీలాగే ఉన్నాయిరా, పైకి లావు, లోపల డొల్ల" అని ముఖం మీదే అనేసేది. మాట పడ్డవాడు కూడా నవ్వుకుంటూ పడవ ఎక్కేవాడు.

పని చెప్పుకోవడానికి తేలికే. నీటిమీద తేలే తెప్పలకు తాళ్లు వేలాడదీస్తారు. వాటిని పట్టుకుని చిప్పలు గుత్తులు గుత్తులుగా పెరుగుతాయి. చిప్పకు వేరే మేత వేయక్కర్లేదు. పగలూ రాత్రీ నీళ్లు తాగి వదులుతూ, ఆ నీళ్లలో ఉన్నదాన్ని ఒంటికి పట్టించుకుంటుంది.

చాలాకాలం కిందట ఒక గాలివానకు తెప్పలన్నీ చితికిపోయాయి. పెద్దమ్మ మాత్రం ముందురోజే తన తాళ్లను కొండ మలుపు వెనక, అల అనేది ఎరగని చిన్న పాయలోకి లాక్కెళ్లి కట్టింది. గాలి తగ్గాక తీసి చూస్తే చిప్పలు బతకడమే కాదు, కండ పట్టి ఉన్నాయి. అందరూ నోళ్లు వెళ్లబెడితే ఆమె నవ్వేసింది. "అత్తింట్లో దెబ్బలు తిన్న పిల్లలు పుట్టింట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఒళ్లు చేయరా మరి?"

ఆ పాయకు పుట్టిల్లు అనే పేరు పడిపోయింది. అమ్మే ముందు చిప్పల్ని కొన్నాళ్లు పుట్టింటికి పంపడం ఇంటింటికీ అలవాటైంది. సరుకు కొనే వ్యాపారి కూడా "పుట్టింటిదేనా?" అని అడిగేవాడు. పెద్దమ్మ తలూపితే బుట్టలోకి తొంగి చూసేవాడు కాదు.

ఆమె కోడలు పట్నంలోని పరీక్షశాలలో పనిచేస్తుంది. ఈగల పురుగుల్ని పెంచడం ఆ అమ్మాయి పని. చిప్పల కండ నూరి, అందులోంచి తీసిన సారాన్ని సన్నని సూదితో పురుగులకు ఎక్కిస్తారు. విషం ఉంటే పురుగు చచ్చుబడిపోతుంది. "మా కోడలు ఈగల్ని సాకుతుంది, నేను చిప్పల్ని సాకుతాను. మధ్యలో మా అబ్బాయొక్కడే ఎందుకూ కొరగాకుండా పెరిగాడు" అని పెద్దమ్మ అంటే, పడవ తోలే ఆ కొడుకు కూడా పళ్లికిలించేవాడు.

ఒక సాయంత్రం కోడలు భుజాన సంచి కూడా దించకుండా నేరుగా షెడ్డులోకి వచ్చింది. పెద్దమ్మ చిప్పలకు అంటిన నాచు గీకుతోంది.

"అత్తయ్యా, పాయలో సరుకు అమ్మొద్దు."

"ఏమైందే?"

"అక్కడ అడుగు బురదలో బూజు పెరిగింది. విషం వదులుతోంది. దాన్నే చిప్పలు తాగుతున్నాయి."

పెద్దమ్మ కత్తి ఆగలేదు. "ఉప్పు నీళ్లలో బూజేంటే? ఉప్పులో వేసినదానికి బూజు పట్టదని వంట రానివాళ్లకి కూడా తెలుసు."

"ఉప్పుకి ఓర్చుకునే బూజులూ ఉంటాయి. పాత పడవల చెక్కలు, కుళ్లిన వలలు, చిప్పల పెంట, అంతా అక్కడే కదా పేరుకుంది? నీళ్లా, కదలవు. బయట తెప్పల మీదవి బాగానే ఉన్నాయి. తేడా పాయలోవాటికే."

"అంటే నా పుట్టింటికే వంక పెడుతున్నావన్నమాట."

"మీ పుట్టింటికి కాదత్తయ్యా, చిప్పల పుట్టింటికి."

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవారు.

"ఉడికిస్తే పోదా?"

"పోయే రకం కాదంటున్నారు."

"ఇన్నేళ్లుగా తిన్నవాళ్లు బాగానే ఉన్నారుగా."

"బాగున్నారో లేదో ఎవరు చూశారు? ఒక పూటకి ఏం కాకపోవచ్చు. ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందో మా పైవాళ్లకే తెలీదు."

"అయితే మీ ఆఫీసే ఆపొచ్చుగా!"

కోడలు సంచి కింద పెట్టింది. "ఆపాల్సిన విషాలకి ఒక జాబితా ఉంది. అందులో ఇది లేదు. పైకి రాశాం. జవాబు వచ్చేసరికి ఈ సరుకు ఎవరి కడుపులోనో ఉంటుంది. మేం చెబితే వీళ్లు వినరు. మీరు చెబితే వింటారు."

పాయ నిండా అందరి తాళ్లూ ఉన్నాయి. ఎల్లుండి పొద్దున వ్యాపారి లారీ వస్తుంది. పెద్దమ్మ నోరు విప్పితే అన్ని ఇళ్ల ఏడాది కష్టం నీళ్లపాలు. విప్పకపోతే అడిగే నాథుడు లేడు.

మర్నాడు ఆమె కోడలి వెంట పరీక్షశాలకు వెళ్లింది. బల్లమీద రెండు గాజు పళ్లేలు. బయట తెప్పల సారం ఎక్కించిన పురుగులు ఒకదానిమీద ఒకటి ఎక్కి పాకుతున్నాయి. రెండో పళ్లెంలోవి పడి ఉన్నాయి.

"చచ్చాయా?"

"లేదు. బతికే ఉన్నాయి. కదల్లేవు."

పెద్దమ్మ ఒక పుల్లతో పురుగును మెల్లగా తిప్పింది. ఎటు తిప్పితే అటే ఉండిపోయింది.

"ఎవరి చిప్పలే ఇవి?"

"మనవే. మొదట ఇంకొకళ్లవి తేవడానికి మనసొప్పలేదు."



తెల్లారి లారీ వచ్చింది. బుట్టలు వరసగా ఉన్నాయి. వ్యాపారి ఎప్పటిలాగే అడిగాడు. "పుట్టింటి సరుకేనా పెద్దమ్మా?"

"అవును. అందుకే ఎత్తొద్దు. అక్కడి బురద చెడింది. చిప్పల్లో విషముంది."

వ్యాపారి తెరిచిన లారీ తలుపు మళ్లీ మూసేశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతుంటాడని గొణుగుడు అని పేరుపడిన పెంపకందారు ఒకడు, ఆ రోజు గొంతెత్తి అరిచాడు.

"నీ కోడలి పురుగులు చెప్పాయని మా నోట్లో మట్టి కొడతావా? పంపమన్నదెవరు? నువ్వు కాదూ? మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు బలమని చిప్పలు కాచిన నీళ్లు తాగించాం. అదీ నువ్వు చెప్పిందే!"

"అవును. నేనే చెప్పాను."

ఇంకేదైనా అంటుందని అందరూ చూశారు. ఆమె తన బుట్టలను లారీ దగ్గర్నుంచి వెనక్కి లాగింది. అతని భార్య బిడ్డను చంకనెత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

కదిలే నీళ్లలో విషం వదులుతుందేమోనని పెద్దమ్మ, కొడుకు కలిసి పాయలోని తమ తాళ్లు ముందుగా విప్పి బయటి నీళ్లలోకి లాక్కెళ్లారు. మిగతావాళ్లు తిట్టుకుంటూనే వెనక వచ్చారు. అలల తాకిడికి చిప్పలు గుత్తులుగా ఊడి మునిగిపోయాయి. ఊడిన ప్రతి గుత్తినీ ఆమె అలా చూస్తూ నిలబడింది. ఆ తరవాత చాలా రోజులు ఆమెను ఎవరూ ఏ వరసతోనూ పిలవలేదు.

సముద్రం నెమ్మదించాక, ఆమె, కోడలు పడవలో ఇంకో మలుపు దగ్గర పరీక్షకని అడుగు బురద తీస్తున్నారు. గొణుగుడు తన పడవను పక్కకు తెచ్చాడు.

"అమ్మే ముందు ఇక ఎక్కడికి పంపమంటావు?"

"నాకు తెలీదు."

"కోపమా?"

"కోపం కాదయ్యా. నిజంగా తెలీదు. పైన నీళ్లు నిలకడగా ఉన్నాయా లేదా అని చూశాం గానీ, అడుగున ఏముందో ఎన్నడైనా చూశామా? ఇది తేలేదాకా నా తాడు కూడా ఇక్కడ కట్టను."

అతను ఏదో గొణిగాడు. నీళ్లలో దింపిన బురద డబ్బా బరువుకు కోడలి అరచేతులు కమిలిపోవడం చూశాడు.

"ఆ తాడు ఇటివ్వమ్మాయ్" అని పడవ అంచుకు మోకాలు ఆనించి లాగడం మొదలుపెట్టాడు.