రాజక్క గోదారి, మౌనిక వాగు

మొన్న సద్దుల బతుకమ్మనాడు, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు, నా మనుమరాలు మౌనిక తన మందు గోలీ తానే వేసుకుంది. ఎవరూ చెప్పలేదు. రేకు చిట్‌మని చిరిగిన చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినబడింది. ముందుగదిలో తంగేడు పూల కుప్ప, ఇల్లంతా దాని పచ్చి వాసన. ఆ వాసనా ఆ చప్పుడూ కలిసేసరికి రాజక్క వచ్చి నా పక్కన నిలబడినట్టయింది. పోయిన ఎండాకాలం గుండె ఆగి చనిపోయింది ఆమె. మీరెవరూ ఆమెను చూడలేదు కాబట్టి చెబుతాను.

బెల్లంపల్లిలో మా క్వార్టరుకూ ఆమె క్వార్టరుకూ నడుమ ఒక్కటే గోడ. మా ఆయనా ఆమె మొగుడూ ఒకే బొగ్గుబాయిలో పనిచేశారు. ఆమె జాకెట్లు కుట్టేది. ఒక్కో ఏడు బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే ఆమెకు నిద్ర ఉండేది కాదు. తెల్లవారకముందే మిషన్ చప్పుడు మొదలయ్యేది. బట్ట ఇవ్వనివాళ్లకు కూడా తన చీరలు చింపి జాకెట్లు కుట్టి పంచేది. ఒక ఏడు ఎంత పెద్ద బతుకమ్మ పేర్చిందంటే అది తలుపులోంచి బయటికి రాలేదు. వాడంతా చూడవచ్చింది.

"గిదేందే రాజక్కా, బాయి మీద తిరిగే పెద్ద చక్రాన్ని అందుకుంటదా?" అన్నాను.

"తలుపే సన్నగున్నది పోశవ్వా, నా బతుకమ్మ పెద్దగ లేదు. తలుపు ఊడబీకుమను!"

నిజంగానే ఊడబీకించింది. అందరం నవ్వాం. పండుగ పోయాక అదే మనిషి గోడకు మొహం పెట్టి పడుకుంది. తల దువ్వలేదు, పిలిస్తే పలకలేదు. చలికాలమంతా అంతే. పెద్దాసుపత్రిలో దానికి బైపోలార్ అని పేరు చెప్పారు. వాడ మాత్రం పిచ్చి అన్న పేరే ఉంచింది.

మందులతో కుదుటపడ్డాక ఆమె పలక పట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"మా ఆయన బాయిల దిగినంక నాకు గోలీ ఎవరియ్యాలె? నువ్వు సదువు నేర్సుకో."

"నలభై దాటినంక నాకు సదువేందే? నలుగురు నవ్వుతరు."

"నవ్వనీ. నేను మంచిగున్నప్పుడే నేర్సుకో. నేను మంచిగ లేనినాడు నువ్వు సదవాలె."

గోలీల డబ్బాకు రెండు అరలు. వాటి మీద కాగితం అంటించి తన చేత్తో రాసింది. అందరూ అ, ఆలతో మొదలుపెడతారు. నా చదువు మాత్రం 'పొద్దున', 'రాత్రి' అన్న రెండు మాటలతో మొదలైంది. మళ్లీ ఆ నిద్రలేని పొంగు వచ్చిన ఏడు ఆమె డబ్బా విసిరికొట్టింది.

"బంగారమోలె ఉన్న, నాకు గోలీలెందుకే? నీ మొకం పాడుగాను!"

నేను డబ్బా ఏరుకొచ్చి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. "రా... త్రి. గిది నీ రాతనే. మింగు."

"నీకు సదువు చెప్పి నేనే ఆగమైన" అని నవ్వి, మింగింది.

ఇక మౌనిక సంగతి. దానికి పద్నాలుగేళ్లు. పొద్దున కలెక్టర్‌నవుతానని గంతులేసేది, మధ్యాహ్నానికి పళ్లెం విసిరేది, పొద్దుగూకేసరికి "నేనుండి ఏం లాభం నానమ్మా" అని ఏడ్చేది. రాజక్క జబ్బు నాకు తెలుసు కదా, ఆ లెక్కనే చూశాను. మౌనిక నిద్రపోయేది. నెలల తరబడి పొంగడమూ లేదు, నెలల తరబడి పడిపోవడమూ లేదు. అది కాదులే అనుకున్నాను. నా కొడుకు శ్రీనివాస్‌ది ఒకటే మాట: "గిది పొగరు. హాస్టల్ల పడేస్తే సక్కగైతది." పెట్టె కూడా కొనుక్కొచ్చాడు.

ఆ వారమే రాజక్క మా ఇంటికి అన్నానికి వచ్చింది. మధ్యాహ్నమంతా మౌనిక పక్కనే కూర్చుంది. వెళ్లేముందు శ్రీనివాస్‌ను పిలిచింది.

"బిడ్డా, నాది గోదారి. నిండితే నెలలు నిండుడే, ఎండితే నెలలు ఎండుడే. గీ పిల్లది వాగు. పొద్దున పొర్లుతది, పగటీలికి ఇసుక తేల్తది. పెద్దోళ్లకొస్తే పిచ్చంటరు, పిల్లలకొస్తే పొగరంటరు. నన్ను గీ ఈడుల వేపమండలతోని కొట్టిండ్రు."

"అంటే దీనికి గదేనా, పెద్దమ్మా?"

"నాకేం ఎరుక? నేను డాక్టర్నా? తోల్కపో. హాస్టల్ల ఏడిస్తే ఎవరు చూస్తరు?"

శ్రీనివాస్ మౌనికను పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ తొందరపడలేదు. కోపమున్న ప్రతి పిల్లకూ ఈ జబ్బు ఉండదంది, పిల్లల్లో దీన్ని గుర్తుపట్టడం కష్టమంది. నెలల తరబడి చూసి, బడి గురించీ నిద్ర గురించీ మా వంశం గురించీ అడిగి, అప్పుడు అదే పేరు చెప్పింది. ఏడ్చినప్పుడు ఒంటరిగా వదలొద్దని మాకు గట్టిగా చెప్పింది. హాస్టల్‌కని కొన్న పెట్టెలో ఇప్పుడు నా కోడలు చలి దుప్పట్లు పెట్టుకుంటోంది.

నయమైపోయిందని నేను చెప్పను. మొన్నటి దాకా గోలీ వేయాలంటే ఇంట్లో యుద్ధమే. మంగళవారం మాత్రం తనే వేసుకొని, పూల ముందు కూర్చొని, చారెడంత బతుకమ్మ పేర్చింది. దాని డబ్బా మీద 'పొద్దున', 'రాత్రి' అని రాసింది నేనే. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, అయినా చదవొస్తాయి.

ఆ పొద్దున ఇంట్లో ఉన్నది మౌనిక, శ్రీనివాస్, నా కోడలు సుజాత, పోశవ్వ అనే నేను. చనిపోయినా రాజక్క పేరు కూడా ఆ వరుసలోనే రాస్తున్నాను. తప్పని ఎవరైనా అంటే అననీ.